మూడంకెల నంబరు

మొన్న సంక్రాంతికి పర్లాకిమిడి వెళ్ళినప్పుడు అమ్మ ఇంట్లో పాత టెలిఫోను తీగ తీయించి ఫైబరు లైను పెట్టించాం. పనివాడు వచ్చేలోగా, అటక మీద నాన్నగారి సామానులో ఉన్న నల్ల ఫోను కూడా దించమంది అమ్మ. "కొత్త లైనుకి అదీ తగిలించి చూడమందాం, పోయేదేటి" అని ఆవిడ వాదన. చుట్టిన పాత పంచె విప్పి, అలవాటు కొద్దీ రిసీవరు చెవికి ఆనించుకున్నాను. తీగే లేని ఫోనులో వినపడేదేముంటుంది? కానీ మాట్లాడే వైపు నుంచి వాసన వచ్చింది. గులాబీ అత్తరులో కాస్త డెట్టాలు కలిపినట్టుండే వాసన.

ఈ కాలం పిల్లలకి చెప్తే నమ్మరు గానీ, ఫోన్లకి సెంటు బిళ్ళలు అంటించే ఉద్యోగం ఒకటుండేది. బరంపురం నుంచి ఒకాయన నెలకోసారి సంచీ తగిలించుకుని వచ్చేవాడు. బ్యాంకు, ఆఫీసులు, పెద్ద కొట్లు, ఫోనున్న ప్రతి చోటా ఆగేవాడు. సీసాలో మందు గుడ్డకి అద్ది ఫోనంతా తుడిచి, మాట్లాడే చిల్లుల మీద గుండ్రటి అట్టబిళ్ళ ఒకటి అంటించి పోయేవాడు. మొదటి వారం ఫోనెత్తితే ముక్కు అదిరిపోయేది. నెలాఖరుకి సెంటు పోయి, వీధిలో అందరి నోటి వాసనా మిగిలేది. ఇంక ఈ రోజో రేపో రావాలి అనుకునేసరికి ఆయన గుమ్మంలో ఉండేవాడు. ఇన్నేళ్ళకి ఆ చివరి బిళ్ళ రంగు వెలిసి పెచ్చులూడుతోంది. వాసన మాత్రం వదల్లేదు.

*

మాది ఒడిశాలో ఉన్న తెలుగిల్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్నం అటు వెళ్ళింది, జమీందారీలో చాలా ఊళ్ళు ఇటు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. దాంతో మా చుట్టాల్లో సగం మంది పక్క రాష్ట్రం వాళ్ళయ్యారు. మా మేనత్త ఉండేది పాతపట్నంలో. సైకిలు తొక్కితే అరగంట. ఫోనులో మాత్రం ఆవిడ వేరే రాష్ట్రం, వేరే సర్కిలు, వేరే కోడు. మామిడికాయ పచ్చడి పంపించానని చెప్పడానికి ఫోను చేస్తే, ఆ ఖర్చుకి ఇంకో కాయ వచ్చేదని నాన్నగారు గొణిగేవారు. అందుకని పచ్చడి పట్టుకెళ్ళిన కుర్రాడే కబురు కూడా.

నాన్నగారిది కొమ్ము సామాను వ్యాపారం. పర్లాకిమిడి కొమ్ము పని తెలిసినవాళ్ళకి తెలుసు, గేదె కొమ్ముల్ని కాచి, వంచి, నునుపు చేసి దువ్వెనలు, కొంగలు, రొయ్యలు, దేవుడి బొమ్మలు చేస్తారు. చేసే చేతులు వేరు. నాన్నగారు వాళ్ళ దగ్గర కొని కలకత్తాకీ మద్రాసుకీ పంపేవారు. ఆర్డర్ల కోసమే ఫోను. మామూలుగా దరఖాస్తు పెడితే ఏళ్ళ తరబడి వెయిటింగు లిస్టులో ఉండాల్సిన రోజులవి. అందుకని డిపాజిట్టు ఎక్కువ కట్టే ఓవైటీ పద్ధతిలో తీసుకున్నారు. మాకు వచ్చింది మూడంకెల నంబరు. నాన్నగారు కొట్టు గోడ మీద పెయింటరు చేత ఆ మూడంకెల్నీ కొట్టు పేరు కన్నా పెద్దగా రాయించారు.

ఆ మొదటి ఫోనుకి డయలే లేదు. ఎత్తగానే ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు "నంబర్ ప్లీజ్" అనేది. మా ఊరి ఆపరేటర్లకి తెలుగు, ఒడియా, వచ్చీరాని హిందీ, అవసరానికి సరిపడా ఇంగ్లీషు వచ్చు. అన్నిటికన్నా బాగా ఊరి సంగతులు వచ్చు. ఒకసారి తమ్ముడికి జ్వరమొస్తే డాక్టరుగారింటికి కలపమంది అమ్మ. "ఆయన ఇంట్లో లేరండీ, కోట వైపు ఎవర్నో చూడ్డానికి వెళ్ళారు. వచ్చీగానే నేనే కలుపుతాను, మీరు పెట్టీండి" అందావిడ. అన్నట్టే కలిపింది కూడా. నంబరు ఎవరికీ గుర్తుండక్కర్లేదు, పేరు చెప్తే చాలు. పిల్లలం ఎత్తితే "నాన్నగారికి ఇవ్వమ్మా" అనేది, అడక్కుండానే.

*

ట్రంకాలు, అంటే ఆపరేటరు కలిపే దూరపు ఊరి ఫోను, బుక్ చేసిన రోజు ఇంట్లో వంట కూడా ఆ లెక్కనే సాగేది. పొద్దున్న బుక్ చేస్తే మధ్యాహ్నం రావచ్చు, సాయంత్రం రావచ్చు, రాకపోవచ్చు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని మూడు రకాలు. లైట్నింగ్ బుక్ చేశారంటే ఎవరో పోయారని వీధికి తెలిసిపోయేది. ఫలానా మనిషే రావాలంటే పీపీ కాలు. నాన్నగారు కొట్లోంచి కదిలేవారు కాదు. స్నానం వాయిదా, భోజనం బల్ల దగ్గరికే. విశాఖపట్నం ఇటువైపు ఉంటే, మన కాలు ముందు అటు బరంపురం ఎక్కి అక్కణ్ణుంచి ఇటు దిగుతుంది, అందుకే ఇంత ఆలస్యం అని ఆయన సిద్ధాంతం. నిజమో కాదో గానీ వినడానికి బాగుండేది.

ఆయనకి ఇంకో సిద్ధాంతం కూడా ఉండేది, ఊరు ఎంత దూరమైతే అంత గట్టిగా అరవాలని. విశాఖకి ఒక గొంతు, మద్రాసుకి ఒక గొంతు, కలకత్తాకైతే లేచి నిలబడేవారు. "హలో! హలో! రొయ్యలు రెండు డజన్లు! కాదు కాదు, తినే రొయ్యలు కాదు మహాప్రభో, కొమ్ము రొయ్యలు!" సరిగ్గా ఆ సమయానికే నౌపడ వైపు నుంచి గుణుపురం పోయే చిన్న బండి కూత పెట్టేది. 1900 నుంచీ నడుస్తున్న ఆ నేరోగేజి రైలుకి మా నాన్నగారి కాళ్ళ మీదా కాలు మీదా కూడా పగే అనేవాడు తమ్ముడు. ఒకసారి దిగబోతూ జారి పడ్డార్లెండి. మూడు నిమిషాలు కాగానే ఆపరేటరు మధ్యలో దూరి "త్రీ మినిట్స్ ఓవర్" అనేది. సగం వాక్యంలో ఉన్న మనిషికి ఆ మాట వినపడితే మొహం ఎలా మారుతుందో నేను చాలాసార్లు దగ్గర్నుంచి చూశాను. పొడిగించమనాలా వద్దా అని ఆలోచించేసరికి ఇంకో పావు నిమిషం పోయేది.

*

ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజి వచ్చాక ఈ నల్ల ఫోను వచ్చింది. దాంతో పాటు డయలుకి వేసే చిన్న ఇత్తడి తాళం. అంకెల గుంటలో ఆ తాళం బిగిస్తే డయలు తిరగదు, వచ్చే కాళ్ళు మాత్రం వస్తాయి. తాళంచెవి నాన్నగారి జంధ్యానికి.

అయితే ఆ ఫోను మర్మం మా తమ్ముడు కనిపెట్టాడు. డయలు తిప్పి వదిలితే అది వెనక్కి వస్తూ టకటకమని లైనుని తెంపుతూ కలుపుతూ ఉంటుంది, ఐదు తిప్పితే ఐదు సార్లు, సున్నా అయితే పది సార్లు. ఎక్స్‌ఛేంజి లెక్కపెట్టుకునేది ఆ తెంపుల్నే. మరలాంటప్పుడు రిసీవరు పెట్టే చోటున్న మీటని అన్నిసార్లు నొక్కినా అదే పని అవుతుంది కదా! వాడు తాళం వేసిన ఫోనుతో స్నేహితులకి కబుర్లు చెప్పేవాడు. చూపుడువేలితో టక్ టక్ టక్, కాస్త ఆగి మళ్ళీ టక్ టక్. తాళం భద్రంగా ఉన్నా బిల్లు ఎందుకు పెరుగుతోందో నాన్నగారికి చాలాకాలం అంతుపట్టలేదు. మీటరు దూకుతోందని అర్జీ కూడా రాశారు పాపం.

వీధి మొత్తానికి అదే ఫోను. పెళ్ళి శుభలేఖల మీద, కొత్తగా ఉద్యోగాలొచ్చిన పిల్లల కాగితాల మీద మా నంబరు పక్కన "పీపీ" అని ఉండేది. ఎవరికి ఫోనొచ్చినా పరిగెత్తి పిలవడం నా డ్యూటీ. నాలుగిళ్ళ అవతల ఒక మామ్మగారి కొడుకు సూరత్‌లో మగ్గాల మిల్లులో పనిచేసేవాడు. గంజాం వైపు నుంచి సూరత్ వెళ్ళినవాళ్ళు లెక్కలేనంత మంది, ఆ గుంపులో తెలుగువాళ్ళూ ఉండేవారు. ఆదివారం రాత్రి అతను ఫోను చేసేవాడు. ముందొకసారి చేసి "అమ్మని పిలవండి" అని పెట్టేసేవాడు. కాసేపయ్యాక మళ్ళీ. ఈలోగా మామ్మగారు కాళ్ళు కడుక్కుని, చీర సర్దుకుని, కొట్లో బల్ల మీద వచ్చి కూర్చునేది.

ఫోను ఎత్తాక ఆవిడ మాట్లాడేది కాదు. తల ఊపేది. తిన్నావా అని అతను అడిగితే ఊపేది, డబ్బు అందిందా అంటే ఊపేది, కళ్ళు తుడుచుకుంటూ ఊపేది. అవతలి నుంచి "అమ్మా, ఉన్నావా? మాటాడవేటే?" అన్న గొంతు రిసీవరు బయటికి వినపడేది. అప్పుడు అమ్మ అందుకుని "ఉంది బాబూ, ఊఁ అంటోంది, నువ్వు చెప్పు" అనేది. ఇలా మధ్యలో మనిషి ఉంటే తప్ప ఆ తల్లీకొడుకుల సంభాషణ సాగేది కాదు. చివరికి పెట్టేసే ముందు ఒక్క మాట మాత్రం గట్టిగా అనేది మామ్మగారు: "ఎండలో తిరక్కు." అతను పనిచేసేది రాత్రి షిఫ్టు.

*

ఎస్టీడీ బూతుల కాలం గురించి అందరూ రాసేశారు కాబట్టి నేను పెద్దగా రాయను. 1984లో పెట్టిన సీ-డాట్ సంస్థ తయారుచేసిన చిన్న ఎక్స్‌ఛేంజీలు ఏసీ గది అక్కర్లేకుండానే పనిచేసేవి. వాటివల్లే మాలాంటి ఊళ్ళలోకి నేరుగా తిప్పే ఫోన్లు దిగాయి. బస్టాండు దగ్గర పసుపు బోర్డులు లేచాయి. తమ్ముడు చదువైపోయాక కొన్నాళ్ళు ఒక బూతులో కూర్చున్నాడు. అద్దాల గది, అందులో సరిగా తిరగని చిన్న ఫ్యాను, నెత్తి మీద ఎర్రగా పరిగెత్తే అంకెలు, ఆఖర్న కిర్రుమంటూ బయటికొచ్చే చీటీ. రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ. ఊరి బయట ఇంజనీరింగు కాలేజీ పిల్లలు, తెలుగు పిల్లలు ఎక్కువ, ఆ టైముకి వరస కట్టేవారు. లోపలి పిల్ల మాట్లాడుతూనే ఉంటే బయటివాళ్ళు అద్దం మీద వేళ్ళతో కొట్టేవారు.

మా వీధి మామ్మగారికి బూతు గిట్టలేదు. తలుపేస్తే ఊపిరాడదని, తీస్తే అంకెలు కనపడి గుండె దడని. ఆవిడ మా కొట్టుకే వచ్చేది.

*

నాన్నగారు పోయాక కొట్టు మూసేశాం, ఫోను మాత్రం ఉంచమంది అమ్మ. అప్పటికి అది పుష్ బటన్ ఫోను. మూడంకెల నంబరు కాస్తా పెరుగుతూ పెరుగుతూ, చివరికి ముందు '2' అంకె చేరి ఆరంకెలయింది. అమ్మకి ఇప్పటికీ అన్ని నంబర్లూ వరసగా గుర్తే. ఏది ఎప్పుడు మారిందంటే సంవత్సరం చెప్పదు. "మీ పెద్దబ్బాయి కడుపులో ఉన్నప్పుడు" అంటుంది.

మొబైలు కొన్నది తమ్ముడు. మొదట్లో దేశంలో ఈ ఫోన్లు వచ్చినప్పుడు నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేదట, అదీ మనకొచ్చే కాలుకి కూడా. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక గానీ మా ఇంటికి ఆ ధైర్యం రాలేదు. వచ్చాక తెలిసింది మా ఇంటి అసలు కష్టం. మాది పాతపట్నం వైపు చివరి వీధుల్లో ఉంది. వీధరుగు మీద కూర్చుంటే ఒడిశా టవరు, పెరట్లో నుయ్యి దాటితే ఆంధ్రా టవరు. నుయ్యి దగ్గర బట్టలుతుకుతూ ఫోనెత్తితే రోమింగు! మాట్లాడినా డబ్బే, విన్నా డబ్బే. ఫోను కుంయ్‌మని "ఆంధ్రప్రదేశ్‌కి స్వాగతం" అనగానే తమ్ముడు "అమ్మా, ముందుకి రా, ముందుకి రా" అని కేకేసేవాడు. అమ్మ తడిచేతుల్తో ఫోను పట్టుకుని నడవ దాటి వచ్చేసరికి లైను కట్టయ్యేది. 2015 జూన్‌లో బీఎస్ఎన్ఎల్ రోమింగులో ఇన్‌కమింగు ఉచితం చేసిన రోజు, అమ్మ ఫోను పట్టుకుని కావాలనే నుయ్యి గట్టు మీద కూర్చుని మేనత్తతో మాట్లాడింది.

ఇంత జరుగుతున్నా నడవలో లాండ్‌లైను అలాగే ఉండేది. నెలకి దానికి పది కాళ్ళు కూడా వచ్చేవి కావు. తీసేద్దామని మేమందరం అన్నాం. తిత్లీ వచ్చేదాకా.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఇటు ఉద్దానం కొబ్బరితోటలు నేలకొరిగాయి. అటు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. నేను విశాఖలో కూర్చుని అమ్మ మొబైలుకి చేస్తూనే ఉన్నాను, తమ్ముడిదీ అంతే, ఏదీ మోగదు. కరెంటు పోయింది, టవర్లు మూగబోయాయి. ఏదో తోచి పాత నంబరు కొట్టాను. మోగింది. చాలాసేపు మోగింది. ఎత్తి, "ఎవరూ" అంది అమ్మ, మామూలు గొంతుతో.

రాగితీగ ఫోనుకి ఇంట్లో కరెంటు అక్కర్లేదు. ఎక్స్‌ఛేంజిలో ఉండే 48 వోల్టుల బ్యాటరీలే తీగ వెంట దాన్ని పోషిస్తాయి. మా వీధికొచ్చే కేబులు చాలావరకు భూమిలోంచే రావడం అదృష్టం. ఆ రెండు మూడు రోజులూ మా నడవ మళ్ళీ పాత కొట్టు అయిపోయిందట. పక్కింటి ఒడియా వాళ్ళు, ఎదురింటివాళ్ళు, వెనక వీధివాళ్ళు వచ్చి భువనేశ్వర్‌లో, హైదరాబాదులో, సూరత్‌లో ఉన్న పిల్లలకి క్షేమమని చెప్పుకున్నారు. అమ్మ అందరికీ టీ కూడా పెట్టింది, కట్టెల పొయ్యి మీద. తర్వాత ఆ ఫోను తీసేద్దామని ఎవరూ అనలేదు.

*

మరి ఇప్పుడెందుకు తీశామంటే, దాన్ని చూసుకునే మనుషులు లేకుండా పోయారు. మా వీధి లైన్‌మన్ ఒడియా ఆయన. అమ్మని "మావుసీ" అని, అంటే పిన్నీ అని, పిలిచేవాడు. తెలుగు మాట్లాడేవాడు గానీ లింగాలు వచనాలు ఆయన ఇష్టం. సైకిలు హ్యాండిలుకి తీగల చుట్ట, నడుముకి మొసలిమూతి క్లిప్పులున్న టెస్టు ఫోను. వానాకాలంలో లైను గరగరమంటే స్తంభమెక్కి, ఆ క్లిప్పులు తగిలించి అక్కణ్ణుంచే మా ఇంటికి రింగిచ్చేవాడు. "మావుసీ, వినిపిస్తుందా?" అని ఆయన ఫోనులో అడిగేది, ఎదురుగా స్తంభం మీద నుంచి నేరుగా కూడా వినపడేది. అమ్మ రెండింటికీ కలిపి ఒకే జవాబు చెప్పేది, కిటికీ లోంచి.

2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో 78 వేల మందికి పైగా ఒకేసారి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. ఆయనా అందులో ఉన్నాడు. ఆ తర్వాత రోడ్డు తవ్వినవాడెవడో కేబులు తెంపేస్తే అతకడానికి మనిషి దొరకలేదు. డయలు టోను వారంలో రెండ్రోజులు వచ్చేది, రెండ్రోజులు పోయేది.

వేరే కంపెనీల కుర్రాళ్ళు పాంఫ్లెట్లు పట్టుకుని తిరుగుతున్నారు. ఇంటర్నెట్టు ఇంత స్పీడు, టీవీ ఉచితం, ఫోను ఉచితం. అమ్మ అందర్నీ ఒకటే ప్రశ్న వేసింది: "మా నంబరు మాకు ఉంటాదా?" ఉండదు. మొబైలు నంబరైతే 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఏ కంపెనీకైనా మార్చుకోవచ్చు. 2015 జులై నుంచి వేరే సర్కిలుకి కూడా పట్టుకెళ్ళచ్చు. లాండ్‌లైను నంబరుకి ఆ సౌకర్యం మన దేశంలో లేదు. కంపెనీ మారితే కొత్త నంబరే. అదే కంపెనీలో రాగి నుంచి ఫైబరుకి మారితే మాత్రం పాత నంబరు ఉంచుకోవచ్చు. స్పీడు, ధర అన్నీ పోల్చి పట్టికేసి చూపించాడు మా అబ్బాయి. అమ్మ ఆ పట్టిక వైపు చూడనైనా లేదు. గ్యాసు పుస్తకంలో, గుడి రసీదుల్లో, టెక్కలి పిన్ని వంటింటి గోడ మీద బొగ్గుతో రాసుకున్న చోట అదే నంబరుందట. మీరందరూ పోల్చి చూడాల్సింది అదీ అంది. నాకూ ఆవిడ చెప్పిందే సబబనిపించింది. నెలకి వంద ఆదా కోసం ఎనభై ఏళ్ళ మనిషిని ఎవరికీ దొరక్కుండా చేస్తామా?

ఫైబరు వేసిన కుర్రాడు జాగ్రత్తపరుడు. వెంట్రుకంత గాజుపోగుని తుడిచి, కోసి, ఒక చిన్న యంత్రంలో పెట్టి మూత వేస్తే, దాని తెరమీద రెండు పోగులూ దగ్గరికొచ్చి ఒక మెరుపుతో అతుక్కున్నాయి. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒంగి చూసి "దీన్లోంచి మాటలు ఎలగ వెళ్తాయి బాబూ" అంది. "వెలుగులాగ వెళ్తాయి మావుసీ" అన్నాడు వాడు. వీడు కూడా మావుసీయే.

నల్ల ఫోను తగిలించి చూశాం. రింగు మోగింది, నిజం గంట, లోపల ఇత్తడి గిన్నెల మీద సుత్తి కొట్టే గంట. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. కానీ డయలు తిప్పితే ఆ కొత్త పెట్టెకి అర్థం కాలేదు, టకటకల భాష దానికి రాదు. ఇంకో చిక్కు, ఈ పెట్టె ఇంటి కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే ఫోనూ పోతుంది. మాకున్న తుఫానులకి అది కుదరదు కాబట్టి రౌటరుకి పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొని గోడకి బిగించాం. ఇలాంటి మార్పు చేయించే వాళ్ళెవరైనా, పెద్దవాళ్ళున్న ఇంట్లో, ఈ యూపీఎస్ సంగతి మొదటి రోజే చూసుకోండి. అమ్మేవాడు చెప్పడు.

*

మొబైలు కథ వేరే. అమ్మకి మేం ముగ్గురం మూడు ఫోన్లు కొనిపెట్టాం. నా మరదలు ఇచ్చిన టచ్ ఫోను అమ్మ వేళ్ళని గుర్తించదు. ఎండిపోయిన వేలు, పైగా ఆవిడ బటన్ నొక్కినట్టు గట్టిగా నొక్కి పట్టుకుంటుంది, దాంతో బొమ్మలన్నీ వణుకుతాయి. మాట్లాడుతుంటే చెంప తగిలి కాలు కట్టయ్యేది. వీడియో కాలు చేస్తే మాకు కనపడేది ఆవిడ నుదుటి బొట్టు, దూలం, ఫ్యాను. తమ్ముడు కీప్యాడు ఫోను తెచ్చాడు, టార్చి ఉంది, రేడియో ఉంది. సిమ్ వేస్తే సిగ్నలు లేదు. అమ్మ సిమ్ 2జీ నడపని కంపెనీది, ఆ ఫోనేమో 2జీది. షాపువాడు ఇది కీప్యాడు ఫోనండీ అన్నాడే గాని ఆ మాట చెప్పలేదు.

ఇంటి లోపల గోడలు మందం. ఆ కంపెనీ సిగ్నలు నడవలోకి రావడమే కష్టం. అందుకని నంబరు అలాగే ఉంచి కంపెనీ మార్చాం. 1900కి మెసేజ్ పెడితే ఎనిమిదక్షరాల కోడొస్తుంది, నాలుగు రోజుల్లోగా దాన్ని కొత్త కంపెనీ షాపులో ఇవ్వాలి. పింఛను మెసేజీలు, బ్యాంకు ఓటీపీలు అన్నీ ఆ నంబరుకే కాబట్టి వేలిముద్ర అమ్మే స్వయంగా వెళ్ళి వేయాల్సొచ్చింది. బొటనవేలు పడలేదు, చూపుడువేలు పడలేదు. డెబ్బై ఏళ్ళు అంట్లు తోమిన వేళ్ళకి గీతలేం మిగుల్తాయి? షాపు పిల్ల ఓపిగ్గా ఒక్కో వేలూ తడిగుడ్డతో తుడిచి పెట్టించింది. చివరికి ఎడమచేతి ఉంగరం వేలు పలికింది. "చూసావా, మీ నాన్న ఉంగరం పెట్టిన వేలు" అంది అమ్మ, షాపులో అందరికీ వినపడేలా.

ఇప్పుడున్నది పెద్ద బటన్ల 4జీ కీప్యాడు ఫోను. వెనక ఎర్ర బటన్ ఒకటుంది, నొక్కి పట్టుకుంటే మా నంబర్లకి వరసగా కాలు వెళ్తుంది. రెండు నొక్కి పట్టుకుంటే నేను, మూడు తమ్ముడు, నాలుగు టెక్కలి పిన్ని. ఫోను వెనక ప్లాస్టరు మీద నేను తెలుగులో రాసి అంటించాను. ఏ అంకె నొక్కినా అది హిందీలో పైకి చెప్తుంది. "దో" అనగానే అమ్మ "రెండు" అని సరిదిద్దుతుంది.

మొన్న ఒకడు హిందీలో చేశాడట, మీ పేరు మీద పార్సిలు పట్టుబడింది, పోలీసు కేసు, డిజిటల్ అరెస్టు అని. ఇలాంటివాళ్ళ మీద 1930కి ఫిర్యాదు చేయాలని తమ్ముడు అట్ట మీద రాసి పెట్టాడు. అమ్మకి ఆ అవసరం రాలేదు. "నాకు నీ భాష రాదు నాయనా. ఏదో పార్సిలంటున్నావు, గుమ్మంలో పెట్టీసి వెళ్ళు" అని పెట్టేసిందట. వాడు మళ్ళీ చేశాడట. మళ్ళీ గుమ్మంలోనే పెట్టమందట.

ఇక ఇప్పుడు ఆవిడ బాధల్లా టెక్కలి పిన్ని గురించే. పిన్నికి చెవుడు, వాళ్ళబ్బాయి ఫోనుని ఎప్పుడూ స్పీకర్లో ఉండేలా పెట్టేశాడు. దాంతో అమ్మ చెప్పేవన్నీ ఆ ఇంటి కోడలు వింటోంది. కోడలి గురించి మాట్లాడుకోవడానికి వీల్లేకుండా ఉంది. చెవికి పెట్టుకునే మిషను ఇప్పించమని నా చేత ఆ అబ్బాయికి చెప్పించింది, వాడు సరే అన్నాడు గానీ కొనలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ వాడి కోసం ఆగలేదు. మధ్యాహ్నం రెండింటికి కోడలు నిద్రపోతుంది కాబట్టి అప్పుడు మాట్లాడుకుంటున్నారు, పిన్ని పెరట్లో జామచెట్టు కింద కూర్చుంటుందట. ఆ గంటలో లాండ్‌లైనుకి చేసినా మొబైలుకి చేసినా నాకు ఎంగేజే.